మూడు బస్తాలు

ఏదైనా వస్తువు ముందు పెట్టి బరువెంతో చెప్పమంటే, ఆయన ముందు గడ్డం గోక్కుంటాడు. తర్వాత ఎడమకన్ను సగం మూస్తాడు. ఆపైన అంకె చెప్పేస్తాడు. ఆ అంకె తప్పినట్టు ఆ టైల్స్ యార్డులో ఎవరికీ జ్ఞాపకం లేదు. అందుకే అసలు పేరు ఏనాడో మరుగున పడిపోయి, అందరికీ కంటికాటా అయిపోయాడు. బస్తాలూ పెట్టెలే కాదు, మనుషుల్నీ వదలడు. కొత్తగా పనిలో చేరినవాడు గేటు దాటి నాలుగడుగులు వేసేలోగా "అరవై రెండు" అనేస్తాడు. వాడు బిక్కమొహం వేస్తే హమాలీలు పడీపడీ నవ్వుతారు. తర్వాత వాణ్ణి బస్తాల కాటా ఎక్కించి చూస్తే అరవై రెండే ఉంటాడు.

ఇరవై రెండేళ్లుగా లోడింగ్ మేస్త్రీ. ఏ బండిలో ఏం ఎక్కాలో, ఎంత ఎక్కాలో ఆయన మాటే మాట. వెనక చక్రాల పక్కన గొంతుక్కూర్చుని, చక్రానికీ పైన రేకుకీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూస్తాడు. నాలుగు వేళ్లు పడితే బండి బయల్దేరవచ్చు. రెండే పడితే సరుకు దిగాలి. అదీ ఆయన శాస్త్రం.

ఆ సోమవారం పొద్దున చిన్న పికప్ బండిలో టైల్స్ అంటించే పొడి బస్తాలు ఇరవై రెండు ఎక్కాయి. ఒక్కోటీ పాతిక కిలోలు. దాని వెనక తగిలించిన ట్రైలర్‌లో టైల్స్ పెట్టెలు ముప్పై ఆరు. డ్రైవరమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక ఆగింది. యార్డులో ముగ్గురు డ్రైవర్లుంటే ఆడమనిషి ఆవిడొక్కతే. ఏడాదిన్నరలో బండికి ఒక్క గీత పడనివ్వలేదు. కంటికాటాని మొదటి రోజు నుంచీ బాబాయ్ అనే పిలుస్తుంది. ఆయనా ఏ సొంత కూతురి మీదో అరిచినట్టే ఆవిడ మీద అరుస్తాడు.

"బాబాయ్, వెనక బాగా కుంగింది. చూడు, వేళ్లు రెండు కూడా పట్టట్లేదు. పోతూ పోతూ వేబ్రిడ్జి మీద పెట్టి తూయిద్దామా?"

అడిగింది తప్పేం కాదు. మెల్లగానే అడిగింది కూడా. కానీ పక్కన నలుగురు హమాలీలున్నారు. సరుకు కొన్న కాంట్రాక్టరు మనిషి బీడీ కాలుస్తూ నిలబడి వింటున్నాడు. వాడు ఊరుకోకుండా "ఏం మేస్త్రీ, మీ కంటికి అద్దాలు కావాలంటోందా అమ్మాయి?" అన్నాడు. హమాలీలు కిసుక్కున నవ్వారు. కంటికాటాకి ఒళ్లు మండింది.

"వేబ్రిడ్జి నాకంటే ముందు పుట్టిందా?" అన్నాడు. "ఒరే బక్కోడా! ట్రైలర్‌లో ముందు వరసలో పది పెట్టెలు తీసి వెనక తలుపు దగ్గర పేర్చు."

బక్కోడంటే బక్కోడే, మూరెడు నడుము, కానీ పెట్టెలు మోయడంలో వాడి తర్వాతే ఎవరైనా. ఇద్దరు కలిసి పది నిమిషాల్లో జరిపేశారు. పెట్టె పెట్టెకీ పికప్ వెనకభాగం అంతకంతకీ పైకి లేచింది. పదోది పెట్టేసరికి చక్రం మీద అయిదు వేళ్లు పట్టాయి. కంటికాటా లేచి, చేతులు దులుపుకుని, కాంట్రాక్టరు మనిషికి వినబడేలా అన్నాడు.

"ఇప్పుడు చూడవే. ఖాళీ బండిలా నిలబడింది. ఇంకా కుంగిందా?"

డ్రైవరమ్మ గొంతుక్కూర్చుని చూసింది. ఏదో అనుమానం తీరక ఒక్క క్షణం ఆగింది. అంతలోనే నవ్వేసింది.

"నువ్వుండగా నాకెందుకులే బాబాయ్ ఈ భయం," అని బండెక్కి పోయింది.

పదకొండున్నరకి ఫోనొచ్చింది. రైలు వంతెన దిగే వాలులో ట్రైలర్ అటూ ఇటూ ఊగి, పికప్‌ని పక్కకి ఈడ్చి, రోడ్డు పక్క గోడని పడగొట్టి బోల్తా కొట్టింది. అదృష్టం బాగుండి ఆ గోడ పక్కన ఎవరూ లేరు. డ్రైవరమ్మకి మెడ కింద ఎముక విరిగింది.

యజమాని స్కూటరు తీస్తే కంటికాటా వెనక కూర్చున్నాడు. వాళ్లు వెళ్లేసరికి ఆవిడని ఆసుపత్రికి తీసుకుపోయారు. రోడ్డంతా టైల్స్ ముక్కలు. పొడి బస్తాలు పగిలి, బూడిద రంగు పొడి ఎవరి చెప్పులకి చూసినా అంటుకుంటోంది. అక్కడ చేరినవాళ్లకి విషయం అప్పటికే తేలిపోయింది. ఆడది నడిపింది కాబట్టి అలా అయింది. ఇంకేం కావాలి?

"వేగంగా వచ్చుంటుంది."

"ఫోన్లో మాట్లాడుతుంటుంది."

"ఆడవాళ్లకి ట్రైలరేంటండీ, స్కూటీ చాలదూ?"

ఎదుటి పంక్చర్ షాపతను మాత్రం "వేగమేం లేదండీ, నేను చూస్తూనే ఉన్నా. వాలు మొదలవగానే వెనకది ఊగడం మొదలెట్టింది. అది ఊగుతుంటే ముందు బండి వెనకభాగం గాల్లో తేలిపోయినట్టు ఇటూ అటూ కొట్టుకుంది" అన్నాడు. అతని మాట ఎవరూ వినిపించుకోలేదు.

కంటికాటా విన్నాడు. పడిపోయిన ట్రైలర్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ముందు వరస పెట్టెలుండాల్సిన చోట రేకు నున్నగా, ఖాళీగా కనిపిస్తోంది. పెట్టెలన్నీ తలుపు వైపు కుప్పగా పడున్నాయి. బోల్తా పడ్డప్పుడు అలా జారుంటాయిలే అనుకున్నాడు. పెట్టెలు అలా జారవని ఇరవై రెండేళ్ల మేస్త్రీకి తెలియదా? తెలుసు. అయినా అలాగే అనుకున్నాడు.

"ఎంత లోడు చేశావు?" అన్నాడు యజమాని పక్కకి పిలిచి.

"ట్రైలర్‌తో కలిపి పదమూడు వందల ఎనభై. దాని పరిమితి పదిహేను వందలు."

"అంతే కదా! లోడులో తప్పు లేదు." యజమాని ఊపిరి పీల్చుకున్నాడు. "ఇన్సూరెన్స్ వాళ్లు అడుగుతారు. రేపు అదే లోడు రెండో ట్రైలర్‌లో పెట్టి తూయించి చూపిద్దాం. ఆ పిల్లకి నేను ముందే చెప్పా, కౌంటర్లో కూర్చోమని. వినలేదు. ఇక స్టీరింగు ముట్టుకోనిచ్చేది లేదు."

కంటికాటా తలూపాడు. ఎందుకు ఊపాడో అడిగితే చెప్పలేడు. అప్పుడు నోరు తెరిచి ఉంటే, పెట్టెలు నేనే వెనక్కి జరిపించానని ఒక్క ముక్క అని ఉంటే, ఈ కథ ఇక్కడే అయిపోయేది.

మర్నాడు ఇన్సూరెన్స్ ఆయన పదింటికల్లా వచ్చాడు. చేతిలో అట్ట, దాని మీద కాగితాలు, జేబులో రెండు పెన్నులు. "నిన్నటి లోడు నిన్నటిలాగే పెట్టండి" అన్నాడు. కంటికాటా పెట్టించాడు. ముప్పై ఆరు పెట్టెలూ ముందు నుంచి వెనక దాకా సమంగా, వరసలు తప్పకుండా పేర్చించాడు. బక్కోడు మూడో వరస దగ్గర ఆగి, గొంతు తగ్గించి అన్నాడు.

"మేస్త్రీ, నిన్న చివరికి వెనక్కి జరిపాం కదా."

"నీ పని నువ్వు చూసుకో."

వాడు ఆయన మొహంలోకి చూశాడు. పదకొండేళ్లుగా ఆయన దగ్గరే పనిచేస్తున్నాడు. ఎప్పుడూ ఎదురు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు. తల దించుకుని పెట్టె ఎత్తుకున్నాడు. ఆ తల దించుకోవడం చూస్తే కంటికాటాకి తన తలే ఎవరో వంచినట్టయింది.

వేబ్రిడ్జి వీధి చివర ఉంది. ట్రైలర్ విప్పి ఒక్కదాన్నే ఎక్కించారు. అద్దాల గదిలోంచి వేబ్రిడ్జి చూసుకునే కాటా ఆయన అంకె చదివాడు. పదమూడు వందల ఎనభై అయిదు. కంటికాటా చెప్పినదానికీ దానికీ అయిదంటే అయిదు కిలోల తేడా! ఇన్సూరెన్స్ ఆయన కళ్లద్దాలు పైకెత్తి మరీ ఆయన్ని చూశాడు. తర్వాత అదే రకం ఇంకో పికప్‌లో ఇరవై రెండు బస్తాలు పెట్టి, డ్రైవర్ని కూర్చోబెట్టి, దాన్నొక్కదాన్నే ఎక్కించారు. ఖాళీ బండి బరువు తీసేస్తే ఆరు వందల పది. బండి మోయగలిగింది ఏడు వందలు.

"రెండూ పరిమితిలోనే ఉన్నాయి," అన్నాడు ఇన్సూరెన్స్ ఆయన రాసుకుంటూ. "పేర్చడం కూడా చక్కగా ఉంది. అయితే మిగిలింది అతివేగమే. ఆవిడ స్టేట్‌మెంటు మీద సంతకం పెడితే అయిపోతుంది. ఎల్లుండి వస్తాను."

యజమాని కంటికాటా భుజం తట్టాడు. "నీ కన్ను కన్నేనయ్యా!"

ఎన్నేళ్ల నుంచో ఆ మాట వింటే ఆయనకి ఛాతీ పొంగేది. ఆ పూట భుజం మీద వాత పెట్టినట్టయింది.

వాళ్లంతా వెళ్లిపోయాక తూకం కాగితాలకోసమన్నట్టు ఆయన ఆగిపోయాడు. అద్దాల గదిలో తనూ, ఆ కాటా ఆయనా ఇద్దరే.

"మీరు చెప్పండి," అన్నాడు కంటికాటా, ఎవరి సంగతో అడుగుతున్నట్టు. "ట్రైలర్‌లో బరువు మొత్తం సరిగ్గానే ఉండి, కాస్త వెనక వైపు ఎక్కువుంటే ఏమన్నా అవుతుందా?"

కాటా ఆయన టేబుల్ మీద పొడవాటి స్కేలు తీసి, దాని ఒక కొస తన చూపుడు వేలి మీద ఆనించాడు. మధ్యలో రబ్బరు పెట్టి, స్కేలుని పెన్సిలు మీద నిలబెట్టాడు.

"ఈ వేలు నీ పికప్. ఈ పెన్సిలు ట్రైలర్ చక్రాలు. ఈ రబ్బరు సరుకు. బండి లాగగలిగే బరువు వేరు, బండి మోయగలిగే బరువు వేరు. ట్రైలర్‌ని అది లాగుతుంది. కానీ ట్రైలర్ ముక్కు కొక్కెం మీద కూర్చుంటుంది చూడు, ఆ కూర్చున్నంత బరువునీ బండి మోయాలి. పదో వంతన్నా కూర్చోవాలి. అంటే నీ లెక్కన నూట నలభై, నూట అరవై. దాన్ని బస్తాలతో, డ్రైవర్‌తో కలుపుకో."

కంటికాటా కలుపుకున్నాడు. ఆరు వందల పదీ, నూట అరవై. ఏడు వందల డెబ్బై.

"ఏడు వందలు దాటింది."

"దాటింది. అందుకే కుంగుతుంది. కుంగితే కొంచెం సరుకు దించాలి. అంతే." కాటా ఆయన రబ్బరుని స్కేలు వెనక కొసకి తోశాడు. వేలి మీదున్న కొస పైకి లేచి గాల్లో ఆడింది. "దించకుండా ఇలా వెనక్కి తోశావనుకో. బండి కుంగదు. చూడ్డానికి హాయిగా ఉంటుంది. కానీ ఇక ట్రైలర్ బండి మాట వినదు. వాలు రాగానే ఊగుతుంది. ఎంత మంచి డ్రైవరైనా పట్టుకోలేడు."

కంటికాటా ఆ కొసని వేలితో కిందికి నొక్కి వదిలితే, అది మళ్లీ లేచింది.

"నా కాటా ఒక్కోదాన్ని విడిగా తూస్తే అదే చెబుతుంది," అన్నాడు ఆయన స్కేలు సర్దేస్తూ. "రెండూ కలిసి ఎలా ఉన్నాయో దానికి తెలియదు. అది లోడు ఎక్కించినవాడికే తెలియాలి. పికప్ తలుపు తెరిస్తే చట్రం మీద స్టిక్కరుంటుంది, ఎంత మోయాలో రాసుంటుంది. చదివావా ఎప్పుడైనా?"

ఆ తలుపు ఆయన ఎన్ని వేలసార్లు తెరిచి ఉంటాడో! తిరిగొచ్చాక ఎవరూ చూడకుండా తడిగుడ్డ పెట్టి ఆ స్టిక్కరు మీద మట్టి తుడిచాడు. ఏడు వందలు. మనుషులతో, సరుకుతో కలిపి. నిన్న దాటింది డెబ్బై కిలోలు. అంటే మూడు బస్తాలు. మూడే మూడు బస్తాలు కిందికి దించి ఉంటే సరిపోయేది. ఆ పిల్ల కుంగిందన్నది ఆ మూడు బస్తాలకే. నలుగురి ముందు మూడు బస్తాలు దించడానికి తనకి నామోషీ అయింది.

సాయంత్రం భార్యతో కలిసి డ్రైవరమ్మ ఇంటికి వెళ్లాడు. వెళ్లనని చూశాడు గానీ భార్య ఒప్పుకోలేదు. "బాబాయ్ బాబాయ్ అని నోరారా పిలుస్తుంది. చూడ్డానికి వెళ్లకపోతే ఏం బాగుంటుంది? నీకేమైంది నిన్నట్నించీ, మొహం అలా వేలాడేశావు?" అంది.

మేడ మీద రెండు గదులు. గుమ్మం పక్కన ఆవిడ డ్రైవింగు బూట్లు వరసగా పెట్టి ఉన్నాయి, ఎడమ బూటుకి ఇంకా ఆ బూడిద రంగు పొడి అంటుకునే ఉంది. డ్రైవరమ్మ మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుంది. ఎడమచెయ్యి గుడ్డలో వేసి మెడకి కట్టారు. వాళ్లని చూడగానే లేవబోయింది.

"కూర్చోవే తల్లీ," అని కంటికాటా భార్య పక్కన చేరింది.

డ్రైవరమ్మ తల్లి మంచినీళ్లు తెచ్చి, అవి ఇచ్చేలోపే మొదలుపెట్టింది. "మీరన్నా చెప్పండన్నయ్యా. ఇక ఆ స్టీరింగు వద్దని. బతికి బట్టకట్టింది, చాలదూ?"

"అమ్మా, నువ్వుండు." డ్రైవరమ్మ కంటికాటా వైపు తిరిగింది. "బాబాయ్, నేనేం తప్పు చేశానో నువ్వే చెప్పు. రాత్రంతా అదే ఆలోచిస్తున్నా. అరవై కూడా దాటలేదు. వాలులో ఊగడం మొదలవగానే కంగారుపడి బ్రేకు నొక్కేశా. నొక్కకూడదా? వదిలేయాల్సిందా? దాంతోనే పడిందంటావా?"

ఆయన గ్లాసు నోటి దాకా తీసుకెళ్లి, తాగకుండా కింద పెట్టాడు. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా" అన్నాడు.

"ఎందుకంటే నాకు తెలియాలి. పొద్దున సార్ ఫోను చేశారు. వేగంగా వెళ్లానని రాసిస్తే కౌంటర్లో పనిస్తానన్నారు. లోడింగులో ఏమన్నా తేడా ఉందా అని ఇన్సూరెన్స్ వాళ్లు అడిగితే ఏం చెబుతావన్నారు. నాకు కోపమొచ్చింది తెలుసా? మా బాబాయ్ పేర్చిన లోడు తప్పయ్యే ప్రశ్నే లేదు, తప్పుంటే నాదే, రాసిస్తాను అని చెప్పేశా." ఆవిడ నవ్వబోయింది, భుజం లాగితే ఆపేసింది. "బండి నడపనివ్వకపోతే ఏం చేస్తాను చెప్పు. నాకు ఇంకేం వచ్చు? అయినా చేసిన తప్పు ఒప్పుకోవాలి కదా."

కంటికాటాకి తల కొట్టేసినట్టయింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. నీ వల్లే అని మొహం మీద ఉమ్మినా తట్టుకునేవాడు. ఈ నమ్మకాన్ని ఎలా తట్టుకోవడం? అప్పుడైనా చెప్పాలి. నోరు తెరిచాడు కూడా. కానీ భార్య చూస్తోంది, ఆ తల్లి చూస్తోంది. నోరు తెరిచినవాడు "వస్తాం, విశ్రాంతి తీసుకో" అని లేచాడు.

మెట్లు దిగుతూ భార్య "ఎంత మంచి పిల్లో" అంది. వీధి మలుపు దాకా వచ్చి, కరెంటు స్తంభం పట్టుకుని ఆగిపోయాడు.

"ఏంటి, కళ్లు తిరుగుతున్నాయా?"

"కాదు. ఆ పిల్లని నేనే పడేశాను."

రోడ్డు మీదే నిలబడి అంతా చెప్పాడు. అంతా విన్నాక భార్య చెంగు సర్దుకుని అంది.

"నాకు చెప్పి ఏం లాభం? నేనా ఆ బండి నడిపింది?"

గురువారం ఇన్సూరెన్స్ ఆయన అన్న టైముకే వచ్చాడు. ఆఫీసు గదిలో ఎండ పడుతోందని యార్డులోనే రేకుల నీడన టేబుల్ వేశారు. డ్రైవరమ్మ తల్లిని తోడు తెచ్చుకుంది. తూకం వేసిన రెండో ట్రైలర్ ఇంకా సరుకుతో అలాగే ఉంది, ముందు కాలు దించి నిలబెట్టారు. యజమాని కాగితం ముందుకి జరిపి, పెన్ను మూత తీసి మరీ ఇచ్చాడు.

"ఇక్కడ. వేగం అదుపులో పెట్టుకోలేకపోయాను అని ఉంది. చదువుకో."

డ్రైవరమ్మ చదివింది. కుడిచేత్తో పెన్ను పట్టుకుంటే కాగితం జారిపోతోంది, ఎడమచెయ్యి ఆనించడానికి లేదు. తల్లి కాగితం కదలకుండా వేలు పెట్టి నొక్కింది.

"ఆగమ్మా," అన్నాడు కంటికాటా.

అందరూ తలెత్తారు. ఇంకొక్క క్షణం ఆగితే మళ్లీ నోరు మూసుకుంటానని ఆయనకి భయం వేసింది. అందుకని మాటలు వెతుక్కోకుండా హమాలీల వైపు తిరిగాడు.

"బక్కోడా, ముందు వరసలో పది పెట్టెలు తీసి వెనక తలుపు దగ్గర పెట్టు. సోమవారం పెట్టినట్టే."

బక్కోడు కదలలేదు. యజమాని వైపు చూశాడు.

"ఏంటయ్యా ఇది? తూకం అయిపోయింది కదా?" అన్నాడు యజమాని.

"తూకం సరిగ్గానే ఉంది సార్. పేర్చింది సరిగ్గా లేదు. మంగళవారం మీకు చూపించింది సోమవారం వెళ్లిన లోడు కాదు." కంటికాటా తనే వెళ్లి మొదటి పెట్టె ఎత్తుకున్నాడు. అప్పుడు బక్కోడు పరుగున వచ్చి రెండోది అందుకున్నాడు. వాడి మొహం వెలిగిపోయింది.

పది పెట్టెలు జరపడానికి పది నిమిషాలు పట్టింది. యజమాని మధ్యలో ఒకసారి దగ్గరికొచ్చి, పళ్లు బిగించి, ఆయన చెవి దగ్గర అన్నాడు. "ఇప్పుడెవరడిగారయ్యా నిన్ను? నోరు మూసుకుని ఉంటే అయిపోయేది." కంటికాటా వినబడనట్టే పెట్టె సర్దాడు.

చివరి పెట్టె పెట్టాక ట్రైలర్ ముక్కు దగ్గరికి వచ్చాడు. కొక్కెంలో పడే ఆ ఇనుప గిన్నె కింద ఎడమచేతి రెండు వేళ్లు పెట్టి ఎత్తాడు. పదమూడు వందల ఎనభై కిలోల ట్రైలర్ ముక్కు, అరవై ఏళ్ల ముసలాడి రెండు వేళ్ల మీద లేచింది. వదిలేస్తే మెల్లగా దిగింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ లేచింది.

"ఇలా కట్టి పంపాను సార్," అన్నాడు. "బండి కుంగింది, వేబ్రిడ్జికి పోదామని ఈ అమ్మాయి అడిగింది. నలుగురిలో నాకు తలవంపనిపించింది. మూడు బస్తాలు దించితే సరిపోయేదానికి, కుంగినట్టు కనబడకుండా పెట్టెలు వెనక్కి తోయించాను. ఇది ఎవరు నడిపినా పడుతుంది. ఆవిడ తప్పు ఇసుమంత లేదు."

ఇన్సూరెన్స్ ఆయన లేచొచ్చాడు. తను కూడా రెండు వేళ్లు పెట్టి ముక్కు ఎత్తి చూశాడు. కాసేపటి తర్వాత టేబుల్ దగ్గరికి వెళ్లి, ఆ స్టేట్‌మెంటు కాగితాన్ని అడ్డంగా కొట్టేశాడు.

కంటికాటా అప్పుడు డ్రైవరమ్మ వైపు చూశాడు. చెప్పేస్తే గుండె తేలికవుతుందనుకున్నాడు. ఆవిడ మొహం కొంచెమైనా విచ్చుకుంటుందనుకున్నాడు. ఆవిడ ట్రైలర్ ముక్కునే చూస్తోంది.

"మంచం పక్కన కూర్చున్నావు," అంది. "నేనేం తప్పు చేశానని నిన్నే అడిగాను."

ఆవిడ కళ్లు తుడుచుకోలేదు. పెన్ను మూత ఒంటిచేత్తో పెట్టబోయి, పట్టక, అలాగే టేబుల్ మీద వదిలేసింది. తల్లి కంటికాటా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

ఇన్సూరెన్స్ ఆయన పోతూ పోతూ యజమానికి ఒక షరతు పెట్టాడు. ఇక ప్రతి ట్రిప్పుకీ లోడు కాగితం ఉండాలి. బండి ఎంత మోయాలి, ఎంత మోస్తోంది, కొక్కెం మీద ఎంత పడుతోంది, అన్నీ రాసి సంతకం పెట్టాలి. లేకపోతే ఇక మీ బండ్లు మా దగ్గరికి తేవద్దన్నాడు. యజమాని తల పట్టుకున్నాడు. పెట్టెల మీద గుర్తులు వేసే లోడింగు సుద్దముక్క ఇరవై రెండేళ్లుగా కంటికాటా చెవి మీదే ఉండేది. ఆయన దాన్ని తీసి టేబుల్ మీద పెట్టాడు. ఎవరూ వద్దనలేదు.

చెయ్యి కుదురుకుని మళ్లీ బండెక్కేదాకా ఆ కాగితాలు డ్రైవరమ్మ రాస్తానంది. శుక్రవారం పొద్దున్నే వచ్చేసింది. మెడకి వేలాడే చేతి మీద అట్ట ఆనించుకుని, పికప్ తలుపు తెరిచి స్టిక్కరు చదివింది. గోడౌన్‌లోంచి బస్తాల కాటా బయటికి లాగించింది. ట్రైలర్ ముక్కు కింద ఆ కాటానే పెట్టించి, కొక్కెం మీద ఎంత పడుతుందో చూసి రాసుకుంది. తన బదులు వచ్చిన కొత్త డ్రైవర్ని కూడా కాటా ఎక్కించి చూసింది. హమాలీలు ముక్కున వేలేసుకుని చూశారు. బక్కోడైతే ఆవిడ చెప్పకముందే బస్తాలు అందించాడు.

లెక్క సరిపోయింది. ఏడు వందలకి రెండు కిలోలు తక్కువ. అంతా సిద్ధమనుకునేసరికి యజమాని ఆఫీసు గుమ్మంలోంచి అరిచాడు. అవతల దింపుడికి మనిషి లేడట. ఒకరు బండిలో వెళ్లాలి. హమాలీలంతా అప్పటికే ఒక లారీ దగ్గరున్నారు. ఇక ఖాళీగా నిలబడింది కంటికాటా ఒక్కడే.

ఆయన పికప్ తలుపు మీద చెయ్యి వేశాడు.

"ఆగండి," అంది డ్రైవరమ్మ. "మీ బరువెంత?"

అండి అంది. మీ అంది. ఏడాదిన్నరలో ఎన్నడూ ఆ నోటి నుంచి ఆయన ఆ మాట వినలేదు. ఎంత తిట్టు తిన్నా ఇంత నొప్పి ఉండేది కాదు.

ఇంతకీ జవాబు కూడా తెలియదు. యార్డులో గేటు కాపలా మనిషి నుంచి యజమాని దాకా అందరి బరువులూ నోటికి వచ్చినవాడికి, తన బరువెంతో ఏనాడూ చూసుకోవాలనిపించలేదు.

"అరవై... అరవై నాలుగుంటానేమో."

"ఏమో అంటే కాగితం మీద ఎలా రాస్తాను? కాటా ఎక్కండి మేస్త్రీ గారూ."

ఆయన బస్తాల కాటా దగ్గరికి నడిచాడు. హమాలీలు లారీ దగ్గర పని ఆపి చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. చెప్పులు విప్పబోయాడు.

"వాటితోనే ఎక్కండి. అవీ బండిలోకే వస్తాయి కదా."

ఎక్కాడు. అంకె ఎక్కడో ఊగి ఊగి ఆగింది. ఆవిడ వంగి చదివింది.

"డెబ్బై ఒకటి."

రాసుకుంది. పెన్నుతో కింద గీత కొట్టి, స్టిక్కరు మీది అంకెలోంచి తీసివేసి, మళ్లీ ఒకసారి చూసుకుంది. తర్వాత తల ఎత్తకుండానే అంది.

"మీరు వెళ్లాలంటే మూడు బస్తాలు దించాలి."

బక్కోడు లారీ దగ్గర నుంచి పరుగెత్తుకు రాబోయాడు. కంటికాటా చెయ్యెత్తి వాణ్ణి ఆపాడు. కాటా దిగి, పికప్ వెనక తలుపు తెరిచి, మొదటి బస్తా తనే వీపుకెత్తుకున్నాడు. గోడౌన్ గుమ్మం దాకా మోసుకెళ్లి దించాడు. వెనక్కి వచ్చి రెండోది ఎత్తుకున్నాడు. డ్రైవరమ్మ అట్ట మీద పెన్ను పట్టుకుని, మూడోది కూడా దిగేదాకా అక్కడే నిలబడింది.